మాగాణి మినుములో కలుపుమందులు: బంగారుతీగ సంగతి

కృష్ణా గోదావరి డెల్టాలలో వరికోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న పైరులోనే మినుములు చల్లుట రైతులందఱు నెఱిగిన పద్ధతి. నాగలి లేదు, గుంటక లేదు. ఎకరమునకు 16 మొదలు 18 కిలోల విత్తనము, నేలలో మిగిలిన పదను, శీతకాలపు మంచు, ఇంతమాత్రముతో డెబ్బది యెనుబది దినములలో పంట చేతికి వచ్చును. వరికి పెట్టిన మదుపులో వడ్డీ భాగము మినుమే తీర్చునని పల్లెలలో చెప్పుకొనుట మేము వినుచునే యున్నాము.

అయితే యింత సులువైన సేద్యమునకే యొక చిక్కు అంటుకొని యున్నది. మిరపలోను ప్రత్తిలోను సాళ్లుండును గనుక నడుమ గుంటక తోలి కలుపు చంపవచ్చును. వెదజల్లిన మినుములో సాలు లేదు, గుంటక దిగదు. కూలివారు దిగి కలుపు తీసినచో, తీసిన కలుపుమొక్క యొకటియైతే కాలిక్రింద నలిగిన మినుపమొక్కలు మూడగును. అదియునుగాక ఆ దినములలో కూలివారందఱు వరికుప్పల వద్దను నూర్పిళ్లలోను ఉందురు. కావున ఈ పైరునకు కలుపుమందు వాడుట సోమరితనమని కొందఱు పెద్దలు చెప్పు మాటతో మేము ఏకీభవింపజాలము. మొదటి ముప్పది దినములు కలుపు పెరుగనీయకుండ కాపాడినచో తరువాత మినుమే గుబురుగా అల్లుకొని నేలను కప్పి కలుపును అణచును. ఆ ముప్పది దినములు గడుపుటకే మందు. దానివలన నేమగునో, ఏమి కాదో తెలిసికొని వాడవలెననియే మా మనవి.

మాగాణి మినుములో కలుపు మూడు తెగలు. మొదటిది గడ్డి తెగ: ఊద, గరిక మొదలగునవి, కోసిన వరి దుబ్బులనుండి మరల లేచు పిలకలు కూడ ఈ తెగలోనివే. రెండవది వెడల్పాకు తెగ: గుంటగలగర, గలిజేరు మొదలగునవి. మూడవది బంగారుతీగ, దానికి ఆకే లేదు. తుంగను చాలమంది గడ్డియని యెంతురు గాని అది వేరు. కాడను వ్రేళ్లనడుమ త్రిప్పి చూచినచో మూడంచులు చేతికి తగులును. గడ్డిమందు కొట్టిన తరువాత తుంగ చావలేదని అంగడివానిపై కోపించిన వారిని మేమెఱుగుదుము. ఆ విషయములో పాపము అంగడివాని తప్పేమియు లేదు.

గడ్డి తెగకు వాడుకలో నున్న మందులు ముఖ్యముగా రెండు. ఫెనాక్సాప్రాప్ ఇథైల్ 9 శాతపు మందు ఎకరమునకు 250 మిల్లీలీటర్లు; లేదా క్విజలాఫాప్ ఇథైల్ 5 శాతపు మందు 400 మిల్లీలీటర్లు. విత్తిన 20 మొదలు 25 దినములలోపల, గడ్డి లేతగా రెండు మూడాకులతో నుండగా కొట్టవలెను. గడ్డిజాతి మొక్క తన మొవ్వులో క్రొత్త కణములు కట్టుకొనుటకు కొవ్వు పదార్థమును తయారుచేసికొనును. ఈ మందులు ఆ పనిని ఆపివేయును. మినుములో ఆ పని నడచు తీరు వేరగుటచేత మందు మినుముమీద పడినను దానికి హాని లేదు. ఇంకొక సంగతి గమనింపవలెను. మందు కొట్టిన మరునాడు గడ్డి పచ్చగానే యుండును. నాలుగైదు దినములు గడచిన తరువాత మొవ్వు పట్టి లాగినచో క్రుళ్లిన మొదలుతో సులువుగా ఊడివచ్చును. మొక్క యంతయు ఎండుటకు రెండు వారములు పట్టును. ఈ సంగతి తెలియక మూడవనాడే మందు పనిచేయలేదని రెండవసారి కొట్టి డబ్బు పాడుచేసికొనువారు ఊరికి నలుగురైన నుందురు.

మందు పాళ్ల విషయమున జరుగు పొరపాటు అంతకంటె పెద్దది. ఎకరమునకు 200 లీటర్ల నీరు కావలెను. మన వీపున తగిలించుకొను పంపు పదునాఱు లీటర్లది; అనగా ఎకరమునకు పండ్రెండున్నర పంపులు. ఆ లెక్కను ఫెనాక్సాప్రాప్ పంపునకు 20 మిల్లీలీటర్లు, క్విజలాఫాప్ 32 మిల్లీలీటర్లు పడును. ఈ లెక్క చాలమందికి తెలిసినదే. కాని పొలములో దిగిన కూలివాడు త్వరగా నడచి ఆఱు పంపులతో ఎకరమును ముగించినచో ఆ చేనికి పడినది సగము మందు. సగము మందు కలుపును చంపదు, కొంచెము వాడ్చి విడిచిపెట్టును. అట్లు తప్పించుకొన్న ఊద గింజ రాల్చును. ఒకే మందు ఏటేట కొట్టుచుండ, తప్పించుకొన్న వాని సంతతియే మిగులుచుండ, కొన్నియేండ్లకు ఆ మందునకు లొంగని ఊద చేనంతయు నిండును. ఇతర దేశములలో వరి పొలములయందు ఇట్లే జరిగియున్నది. పంపు పట్టువానికి గంటల లెక్కను గాక పంపుల లెక్కను కూలి యిచ్చుట మేలని మా అభిప్రాయము.

గడ్డియు వెడల్పాకు మొక్కలును కలిసియున్న చేలకు ఇమాజితాపిర్ 10 శాతపు మందు ఎకరమునకు 200 మిల్లీలీటర్లు, అనగా పంపునకు 16 మిల్లీలీటర్లు, అదే 20–25 దినముల వయస్సులో వాడుదురు. ఇది కొట్టిన వారము పది దినములు మినుము కొంచెము పసుపువారి గిడసబారినట్లు కనబడును. భయపడనక్కఱలేదు, తిరిగి కోలుకొనును. అసలు భయపడవలసినది వేరొకటి. ఈ మందు నేలలో చాలకాలము నిలుచును. ఏ కారణముచేతనైన మినుము చెడిపోయి, దానిని తీసివేసి ఆ మడిలోనే మొక్కజొన్న యో జొన్నయో వేయదలచినచో ఆ పైరు దెబ్బతినును. వరి తరువాత మొక్కజొన్న వేయు వాడుక ఇప్పుడు మన మాగాణులలో హెచ్చినది గనుక ఈ సంగతి ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

ఏ మందైనను నేలలో పదనుండగా, ఉదయపు మంచు ఆకులమీద ఆరిన తరువాత, గాలి లేనివేళ కొట్టవలెను. నేల నెఱ్ఱెలు విడిచిన పిమ్మట కలుపుమొక్కయు ముడుచుకొని యుండును, మందును లోనికి తీసికొనదు.

ఇక పంపుమాట. వరిలో వెడల్పాకు కలుపునకు వాడు 2,4-డి అను మందు 1945లో అమెరికాలో అంగళ్లకు వచ్చినది. అది గడ్డిజాతియైన వరిని విడిచి వెడల్పాకు మొక్కలను చంపును. మినుము వెడల్పాకు మొక్క. సార్వాలో 2,4-డి కొట్టిన పంపును రెండు చెంబుల నీళ్లతో తొలిపి, దానితోనే మినుమునకు మందు కొట్టినచో పంపు గొట్టములో నిలిచిన కొద్దిపాటి శేషమే చాలును. ఆకులు మెలిపడి, కాడలు వంకరలు తిరిగి పైరు నాశనమగును. రైతు అప్పుడు కల్తీ మందు అమ్మినారని వాపోవును. ఉతుకు సోడా కలిపిన నీళ్లు పంపులో నింపి, గొట్టమునుండియు నాజిల్ నుండియు కూడ పోనిచ్చి, తరువాత మూడుసార్లు మంచినీళ్లతో కడుగవలెను. అంతకంటె సహకార సంఘమువారు రెండు పంపులు వేఱువేఱుగా నుంచి, వరి 2,4-డికి వాడు పంపునకు ఎఱ్ఱరంగు పూయించుట మేలు. మందు కొట్టించుటకు బాడుగ పంపు తెచ్చుకొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న బాడుగ యెంత అని కాదు, దీనితో ఇదివఱకు ఏమి కొట్టినారు అని.

మొలవకముందే కలుపును చంపు మందు పెండిమిథాలిన్. 30 శాతపు మందును ఎకరమునకు లీటరు మొదలు లీటరుంబావు వఱకు 20 కిలోల పొడి ఇసుకలో కలిపి చల్లుదురు. ఇది పైకి వచ్చిన మొక్కను ఏమియు చేయదు. నేలపై పొరలో పగులుచున్న గింజయొక్క లేత వేరును మొలకను ఎదుగనీయక చంపును. మెట్టసేద్యములో విత్తిన మరునాడే కొట్టవచ్చును. మాగాణిలో మనకు చిక్కేమనగా, మినుము చల్లిన తరువాత కోత జరిగి, పనలు చేనిమీద ఆరుచుండును. పనలక్రింద మందు పడదు. పనలు తీసి కుప్పవేయునంతలో కలుపు కొంత మొలిచియే యుండును. కావున పనలు తీసిన దినముననే, పదను ఆరకముందే ఇసుక చల్లవలెను. రెండు మూడు దినములు ఆలస్యమైనచో ఆ మందు ఖర్చు దండుగ. ఇసుకను ఒట్టి చేతితో కలుపకూడదు, చేతికి తొడుగులుండవలెను.

మందుల ప్రమాదమును గూర్చి రెండు మాటలు. ప్రతి డబ్బామీదను మూలపై నిలిపిన చతురస్రములో రెండు త్రికోణములుండును. క్రింది త్రికోణపు రంగు విషతీవ్రతను తెలుపును: ఎఱుపు మిక్కిలి తీవ్రము, తరువాత పసుపు, నీలము, అన్నిటికంటె తక్కువ ఆకుపచ్చ. చదువు రానివారికి కూడ తెలియునట్లు ప్రభుత్వమువారు ఏర్పఱచిన గుర్తు ఇది. పచ్చత్రికోణమనగా త్రాగవచ్చునని అర్థము కాదు. ఖాళీ సీసాలలో నూనె పోసికొనుట, పంపు నాజిల్ మూసికొనిపోయినచో నోటితో ఊదుట, ఈ రెండును మాన్పింపవలసిన అలవాట్లు. పారాక్వాట్ అను మందు పచ్చగానున్న ప్రతి ఆకును మాడ్చును, దానికి పైరు కలుపు అను భేదము లేదు. అది కడుపులోనికి పోయినచో విరుగుడు మందు వైద్యులవద్ద కూడ లేదు. బంగారుతీగ పట్టినచోట దానిని మచ్చమచ్చగా కొట్టుమని కొందఱు చెప్పుచుందురు. ఇంట పిల్లలున్న రైతు అట్టి సీసాను తెచ్చి చూరులో పెట్టుట మాకు సమ్మతము కాదు. ఆ మచ్చలను కొడవలితో కోసి కాల్చుటకు వీలున్నది గదా.

బంగారుతీగ మాట వచ్చినది గనుక దానిని గూర్చి కొంచెము విరివిగా వ్రాయుదుము. కొన్ని యెడల దీనిని సీతమ్మ పోగునూలు అందురు. చూచుటకు పసుపు నూలుపోగువలె నుండి, మినుపమొక్కలను చుట్టి, ఒకదానినుండి ఇంకొకదానికి ప్రాకి, దూరమునకు చేనిమీద పసుపుబట్ట ఆరవేసినట్లు కనబడును. గింజ మొలచినప్పుడు దానికి వేరు నామమాత్రము, ఆకు లేనేలేదు. గింజలోని కొద్ది ఆహారముతో ఆ పోగు నేలపై లేచి గాలిలో గుండ్రముగా తిరుగుచు ఆధారమును వెదకును. వారము పది దినములలో తనకు తగిన మొక్క దొరకనిచో ఎండిపోవును. దొరకినచో దానిని చుట్టుకొని, కాడలోనికి పీల్చు మొటిమలను దింపి, రసము త్రాగుట మొదలుపెట్టును. అంతట నేలతో దానికి పనిలేదు. మొదలు ఎండి తెగిపోవును. మొదలంట పెఱకివేసితిమి అని రైతు చెప్పినను ప్రయోజనము లేకపోవుటకు కారణమిదియే. పెఱుకుటకు మొదలే లేదు.

ఈ వెదకులాటను గూర్చి 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక చక్కని సంగతి కనుగొనిరి. బంగారుతీగ జాతిలోని యొక మొలకకు ఒకప్రక్క టొమేటో మొక్కను, ఇంకొకప్రక్క గోధుమ మొక్కను ఉంచగా, అది టొమేటో వాసన వచ్చువైపునకే ఎక్కువగా వంగినదట. కండ్లు లేని తీగ వాసనపట్టి ఆహారమును వెదకికొనుచున్నది. గడ్డిజాతి పైరులు దానికి పట్టవు. మన వరిలో బంగారుతీగ కనబడకపోవుటయు అందువలననే. అయితే వరి వేసిన నెలలలో దాని గింజ చచ్చినదని అనుకొనరాదు. ఆ గింజ పెంకు మిక్కిలి గట్టిది. పది సంవత్సరములకు మించికూడ నేలలో ప్రాణముతో నుండగలదు. ప్రతి సంవత్సరము అన్ని గింజలును ఒకమాఱే మొలవవు, కొన్ని కొన్ని మొలచుచుండును.

ఇప్పుడు మందులు దీనికి ఎందుకు చాలవో తెలియగలదు. మొలచు గింజకు పెండిమిథాలిన్ తగులును గాని, పైన చెప్పినట్లు మాగాణిలో ఆ మందు పడువేళకు కొన్ని మొలచియే యుండును. 20–25 దినములకు ఇమాజితాపిర్ కొట్టినచో లేతతీగ చాలవఱకు నిలిచిపోవును; పూర్తిగా చచ్చునని నమ్మి చేనివైపు చూడకుండుట తగదు. తీగ మినుముతో కలిసి యొక్కటే శరీరమైన తరువాత దానిని చంపునంత మందు మినుమునుకూడ చంపును. గడ్డిమందులు దానికి పట్టనే పట్టవు. కావున నెల దాటిన చేనిలో పసుపుమచ్చ కనబడినచో పరుగెత్తవలసినది అంగడికి కాదు, కొడవలికి.

ఆ మచ్చలో తీగతోకూడ మినుమును, చుట్టును ఒక బారెడు మేర మేలైన పైరునుకూడ చేర్చి, నేలకు సమముగా కోసివేయవలెను. మంచి మొక్క పోవుచున్నదని మనసు పీకును. కాని చిన్న తీగముక్క మిగిలినను మరల చుట్టుకొని బ్రతుకును. కోసినదానిని చేనిలో ఈడ్చుకొని పోరాదు, గోనెసంచిలో కుక్కి గట్టుమీదికి తెచ్చి కాల్చవలెను. కాలువలో పాఱవేసినచో క్రిందిచేలవారికి పంచిపెట్టినట్లే. పశువులకు మేపుట అంతకంటె చెఱుపు, పూతపట్టి గింజ కట్టినదైనచో ఆ గింజ కడుపులో జీర్ణింపక పేడతో బయటికి వచ్చి ఎరువుతో మరల చేనికి చేరును. ఈ పని యంతయు పూతకు ముందు జరుగవలెను. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. ఒక ఏటి ఉపేక్షకు ఆ రైతు కుమారుడుకూడ కలుపు తీయవలసి వచ్చును.

మచ్చలు మడియంతయు నిండియున్నచోట మందులకును కోతకును లొంగదు. అట్టి మడిలో రెండు మూడేండ్లు వరి తరువాత మినుము మాని, మొక్కజొన్న గాని జొన్న గాని వేయుటయే దారి. ఇమాజితాపిర్ కొట్టిన ఏడుగాక ఇంకొక ఏడు ఈ మార్పు మొదలుపెట్టవలెనని మరువరాదు. మొలచిన తీగకు చుట్టుకొనుటకు మొక్క దొరకక అదియే చచ్చుచుండును. వేసవిలో లోతుదుక్కి దున్నినచో గింజ అడుగునపడి మొలచి పైకి రాజాలక పోవును.

ఇన్ని చెప్పినను, బంగారుతీగ ఒక ఊరికి క్రొత్తగా వచ్చుటకు ముఖ్యమైన దారి విత్తనమే. నూర్పిడి కళ్ళములో తీగతోకూడ నూర్చిన మినుములను పదునకు చాలవని పొరుగూరినుండి బదులు తెచ్చి చల్లుదుము. మేము తిరిగిన గ్రామములలో క్రొత్తగా తీగ కనబడిన చేనివారిని విత్తనమెక్కడిదని అడిగినప్పుడెల్ల, ఎవరి కళ్ళమునుండియో తెచ్చితిమని చెప్పినవారే ఎక్కువ. సంతోషింపదగినదేమనగా, ఈ తీగ గింజ ఆవగింజకంటె చిన్నది, మినుపగింజ దానికి ఎన్నో రెట్లు పెద్దది. లూసర్నువంటి సన్నగింజలలో కలిసినచో వేఱుచేయుట మిక్కిలి కష్టము. మినుములో ఒక్క జల్లెడతో తీరిపోవును. అయితే తీగ కాయలు కొన్ని నూర్పిడిలో పగులక నిలుచును. ఆ కాయ జల్లెడ కన్నులో దిగదు. కావున ముందుగా విత్తనమును చేటలో పోసి అరచేత నలిపి, తరువాత రెండుమాఱులు జల్లించవలెను.

ఇందు సంఘము చేయవలసిన పని యున్నది. ఒక రైతు తన విత్తనము జల్లించి, తన మచ్చలు కోసికొని, సకాలములో మందు కొట్టినను గట్టు ఆవలివాడు ఊరకున్నచో తీగ గట్టు దాటి వచ్చును. గట్టు దానికి ఒక అడ్డు కాదు. కావున విత్తనపు జల్లెడలు సంఘపు గిడ్డంగిలో నుంచి, నవంబరులోనే సభ్యులందఱి మినుములను అక్కడ జల్లించి యిచ్చుట, సంఘము ద్వారా బదులు పోవు విత్తనమును జల్లింపనిదే గడప దాటనీయకుండుట మొదటి పని. ఒక బోదెక్రింద పాఱు మడులవారందఱు కలిసి ఒకే వారములో మందు కొట్టించుట రెండవది. విత్తిన ముప్పదవ దినమునకు ఇద్దఱు సభ్యులు ఆ మడులన్నిటి గట్లవెంట నడచి పసుపుమచ్చలకు కఱ్ఱ పాతి గుర్తుపెట్టుట మూడవది. గుర్తుపెట్టినవారిమీద కోపింపరాదని ముందే తీర్మానము చేసికొనవలెను. చేనిలో కఱ్ఱ పాతినారని తగవులాడుకొన్న గ్రామమును మేము చూచితిమి.

జల్లెడలో దిగిన చెత్తను ఆ పూటనే పొయ్యిలో వేసి కాల్చవలెను. దానిలో నూకలు, పొట్టు కలిసియుండుటచేత కోళ్లకు వేయుదుమని ఆడువారు అడుగుదురు; ఇయ్యరాదు. పేడకుప్పమీద పోయుటయు కూడదు.